రక్తం తక్కువ అన్నారు సరే, ఎందుకు తక్కువైందో ఎవరు చూస్తారు?

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన వారం మీ హెల్త్ పేజీలో రక్తహీనత మీద వచ్చిన వ్యాసం చదివాను. లక్షణాలు బాగానే రాశారు, నీరసం, మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, ముఖం పాలిపోవడం అన్నీ ఉన్నాయి. కానీ చివర్లో హెచ్‌బీ (హిమోగ్లోబిన్) చూపించుకోండి, తక్కువుంటే ఐరన్ మాత్రలు వాడండి అని తేల్చేశారు చూడండి, అక్కడ నాకు మనసొప్పలేదు. నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని, 22 ఏళ్లుగా ఇదే పని, రోజూ పొద్దున లేస్తే రక్తమే చూస్తుంటాను కాబట్టి నాలుగు మాటలు రాద్దామనిపించింది, కాస్త పెద్ద ఉత్తరం అవుతుంది, ఏమనుకోవద్దు.

రిపోర్ట్ చేతికిస్తే నూటికి తొంభై మంది అడిగేది ఒకటే, "రక్తం ఎంతుంది?" అని. 9 ఉంది అంటే అయ్యో అంటారు, 12 ఉంది అంటే హమ్మయ్య అని కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. ఆ కాగితంలో ఇంకో పదిహేను ఇరవై అంకెలు ఉంటాయి, అవి చూసే నాథుడు ఉండడు. నిజానికి హెచ్‌బీ రక్తం తగ్గిందని మాత్రమే చెప్తుంది, ఎందుకు తగ్గిందో చెప్పేది ఆ కింద ఉన్న అంకెలే. మేడమీద ట్యాంకులో నీళ్లు తగ్గాయనుకోండి, మోటార్ సరిగ్గా ఎక్కించట్లేదా లేక ఎక్కడో పైపు లీకవుతోందా చూస్తాం కదా, రోజూ బిందెలతో తెచ్చి పోసుకుంటూ కూర్చోం. రక్తం కూడా అంతే, ఎముకల్లో ఉండే మూలుగ సరిగ్గా తయారుచేయకపోవడం ఒకటి, ఎక్కడో కారిపోవడం రెండోది. మూడోది కూడా ఉంది, దానికి ట్యాంకు పోలిక కుదరదు, ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతకాలి, అంతకంటే ముందే పగిలిపోతుంటే కూడా రక్తం తగ్గుతుంది, అప్పుడు కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది.

డబ్ల్యూహెచ్ఓ లెక్కలో హెచ్‌బీ మగవాళ్లకి 13 గ్రాములు, ఆడవాళ్లకి 12, గర్భిణులకి 11 కంటే తగ్గితే రక్తహీనత అంటారు (గర్భిణులకి మధ్య మూడు నెలల్లో 10.5 దాకా పర్లేదు). సరే తగ్గింది అని తెలిశాక చూడాల్సింది ఎంసీవీ. ఎర్రకణం సైజు అన్నమాట, 80 నుంచి 100 మధ్యలో ఉండాలి. 80 కంటే తక్కువ అంటే కణాలు చిన్నవి, ఐరన్ లోపమో తలసేమియా ట్రెయిటో (తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే తేడా) అయ్యుంటుంది. 100 దాటితే కణాలు పెద్దవి, బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపం, తాగుడు అలవాటు, లివర్, థైరాయిడ్ ఇలా వెతకాలి. సైజు మామూలుగా ఉండి రక్తం తక్కువుంటే కిడ్నీలు, దీర్ఘకాలం వాపు జబ్బులు, ఈ మధ్య ఏమైనా రక్తం పోయిందా అని ఆలోచిస్తారు. ఈ ఎంసీవీ అంకె ఒక్కటే చూసినా దారి సగం తెలిసిపోతుంది, దీనికి వేరే టెస్ట్ కూడా అక్కర్లేదు, చేయించుకున్న సీబీపీలోనే (రక్తకణాలన్నీ లెక్కపెట్టే మామూలు రక్తపరీక్ష) ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తాను, ఇది రాయడానికే అసలు పెన్ను పట్టింది. మా బావగారికి అప్పుడు 58 ఏళ్లు. నీరసంగా ఉందంటే నేనే రక్తం తీసి చూశాను, హెచ్‌బీ 9.1, ఎంసీవీ 71. "ఏముంది బావా, ఐరన్ తక్కువుంది, వాడేద్దాం" అన్నాను, తెలిసిన డాక్టర్‌తో రాయించాం, రెండు నెలల్లో 10.8 అయింది, అందరం సంతోషించాం. మాత్రలు ఆపాక మళ్ళీ 8.4. మళ్ళీ మాత్రలు, మళ్ళీ పెరగడం, మళ్ళీ పడటం, ఇలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి. చివరికి మా రిపోర్ట్‌ల మీద సంతకం పెట్టే పాథాలజిస్ట్ మేడం ఒకరోజు పాత రిపోర్ట్‌లన్నీ పక్కపక్కన పెట్టి, "ఈయనకి పీరియడ్స్ రావు కదమ్మా, మరి ఐరన్ ఎటు పోతోంది?" అని అడిగింది. నవ్వొచ్చేలా ఉంది కానీ నాకు కాళ్ళు చల్లబడ్డాయి. కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగులో కుడివైపు గడ్డ. కుడివైపు గడ్డ కారే రక్తం మలంలో కలిసిపోయి వస్తుంది, ఎర్రగా కంటికి కనిపించదు, నొప్పి కూడా ఉండదు, మనిషి మెల్లగా పాలిపోవడం ఒక్కటే గుర్తు. ఆపరేషన్ అయింది, నాలుగేళ్లయింది, బావున్నారు, దేవుడి దయ. కానీ ఆ ఎనిమిది నెలలూ ఆ రిపోర్ట్‌లు టైప్ చేసింది నేనే.

అందుకే మీ పేజీలో పెద్ద అక్షరాలతో వేయమని అడుగుతున్నాను, మగవాళ్ళకి ఏ వయసులోనైనా, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి, ఐరన్ లోపం ఉందంటే ముందు ఎక్కడో రక్తం పోతోందనే అనుకోవాలి, పైనుంచీ కిందనుంచీ స్కోపులు వేసి చూడాలి. అల్సర్ కావచ్చు, రోజూ వేసుకునే నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు కావచ్చు, గడ్డ కావచ్చు. పైల్స్ ఉన్నాయి కదా అందుకే అని సర్దిచెప్పుకోవద్దు, పైల్స్ ఉన్నవాడికి గడ్డ రాకూడదని రూలేం లేదు. మలంలో రక్తం టెస్ట్ నెగెటివ్ వచ్చింది కదా అని వదిలేయకూడదు కూడా, కారేది రోజూ కారదు, ఆ ఒక్క రోజు దొరక్కపోవచ్చు.

ఇక చిన్న కణాల్లో రెండో రకం, తలసేమియా ట్రెయిట్. ఒకమ్మాయి వచ్చింది, స్కూల్ రోజుల నుంచీ ఐరన్ మింగుతూనే ఉందట, ఎప్పుడు చూసినా 11 దగ్గరే ఆగుతుందట. రిపోర్ట్ చూస్తే హెచ్‌బీ 11.2, ఎంసీవీ 64, ఎర్రకణాల సంఖ్య మాత్రం 5.8 మిలియన్లు. ఐరన్ లేని మనిషికి కణాలు చిన్నవీ అవుతాయి, తక్కువా అవుతాయి, ఈ అమ్మాయికి చిన్నవే కానీ బోలెడు ఉన్నాయి. మాకు ఒక చిట్కా లెక్క ఉంది, 1973 నుంచి ఉన్నదే, మెంట్జర్ ఇండెక్స్ అంటారు, ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువ వస్తే తలసేమియా ట్రెయిట్ అనుమానించాలి, ఎక్కువొస్తే ఐరన్ లోపం వైపు మొగ్గు. ఈ అమ్మాయికి 11, మా బావగారికి అప్పుడు 17 వచ్చేది. చిట్కా చిట్కానే, తేల్చేది హిమోగ్లోబిన్‌లో రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ టెస్ట్, అందులో హెచ్‌బీ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే బీటా తలసేమియా ట్రెయిట్ అంటారు, ఆమెకి 5.2 వచ్చింది. ఇన్నేళ్ల ఐరన్ ఆమెకి అక్కర్లేనిది. ట్రెయిట్ జబ్బు కాదు, మందు లేదు, అవసరం కూడా లేదు. కానీ భర్తకి కూడా ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం తలసేమియా మేజర్ బిడ్డ పుట్టడానికి. అప్పుడు ఆ బిడ్డకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఎక్కించిన రక్తంలో ఉండే ఐరన్ గుండెలో లివర్‌లో పేరుకోకుండా డెఫెరాసిరాక్స్ లాంటి మందులు వాడాలి, లేదంటే సరిపోయే తోబుట్టువు ఉంటే మూలుగ మార్పిడి. కాబట్టి పిల్లల్ని అనుకునేవాళ్ళు ముందే చేయించుకోవాల్సిన టెస్ట్ ఇది. వాళ్ళాయనకి నార్మల్ వచ్చింది, పిల్ల మొహం వెలిగిపోయింది.

దీంట్లో ఒక మెలిక ఉంది, ఐరన్ బాగా తక్కువున్నప్పుడు ఏ2 కూడా కిందికి దిగుతుంది, ట్రెయిట్ ఉన్నా లేనట్టు చూపించొచ్చు, అప్పుడు ఐరన్ సరిచేసి మళ్ళీ చేయాలి. ఇంకో మెలిక, ఇది ఆస్పత్రుల్లో కూడా పొరపాటు జరిగే చోటు, రక్తం ఎక్కించాక హెచ్‌పీఎల్‌సీకి పంపిస్తారు, అప్పుడు మేం చూసేది ఎవరి రక్తం, దాతదా రోగిదా? ఏ టెస్ట్ అయినా సరే, రక్తం ఎక్కించకముందు, బీ12 ఇంజక్షన్ వేయకముందు ఒక శాంపిల్ తీసి పెట్టించుకోండి. రక్తం ఎక్కించాక తీస్తే, దాత కణాలు ఒంట్లో ఉండే మూడు నెలలూ చీకట్లో తడుముకోవడమే.

బీ12 దగ్గరికొస్తే, హెచ్‌బీ మరీ తగ్గకుండానే అరికాళ్ళలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు ముందొచ్చేస్తాయి కొందరికి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్ళు, గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున వేసుకునేవాళ్ళు చూపించుకోవాలి. మైక్రోస్కోప్‌లో ఇది చూడ్డానికి భలే ఉంటుంది, తెల్లకణం కేంద్రకం మామూలుగా మూడు నాలుగు ముక్కలుంటుంది, బీ12 లేనివాళ్ళలో ఆరేడు ముక్కలై పూసలు గుచ్చినట్టు కనిపిస్తుంది, ఎర్రకణాలేమో కోడిగుడ్డు ఆకారంలో లావుగా. జాగ్రత్త ఏంటంటే ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం పెరిగిపోతుంది, రిపోర్ట్ చూడముచ్చటగా ఉంటుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ అంటే గుర్తొచ్చింది, లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1928లో బొంబాయి వచ్చి గర్భిణుల్లో పెద్ద కణాల రక్తహీనత మీద పనిచేసింది, ఈస్ట్ సారం ఇస్తే తగ్గుతోందని 1931లో రాసింది, అందులో ఉన్న ఆ మందే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. మాలో చాలామందికే ఆమె పేరు తెలీదు.

ఐరన్ లోపమే అని తేలినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మాత్రలు పనిచేయలేదు అని వచ్చేవాళ్ళలో చాలామంది సరిగ్గా వాడనివాళ్ళే. ఫెరిటిన్ చూపించుకోండి, ఒంట్లో దాచుకున్న ఐరన్ అది, 15 కంటే తగ్గితే ఖజానా ఖాళీ అని అర్థం, చాలామంది డాక్టర్లు 30 కింద ఉన్నా లోపమే అంటారు. జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు ఇది దొంగగా పెరిగి కనిపిస్తుంది, అది గుర్తుంచుకోవాలి. మాత్ర టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, గ్యాస్ మాత్రలతో కలిపి వేసుకుంటే వేసుకున్నా వేసుకోనట్టే. రోజుకి రెండు మూడు మింగితే త్వరగా పెరుగుతుందనుకుంటారు, ఉల్టా, ఒక మాత్ర వేసుకోగానే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ వదిలి ఒక రోజు దాకా పేగుల్లో తలుపు మూసేస్తుంది, అందుకే ఇప్పుడు రోజుకొకటి లేదా రోజు విడిచి రోజు చాలంటున్నారు, కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మందు రంగు (అయితే మాత్రలు వాడకుండానే నల్లగా, జిగటగా తారులా వస్తే అది కడుపులో రక్తం, వెంటనే ఆస్పత్రికి పోవాలి). అన్నిటికంటే పెద్ద తప్పు హెచ్‌బీ నార్మల్ రాగానే ఆపేయడం, ఖజానా నిండాలంటే తర్వాత ఇంకో మూడు నెలలు వాడాలి. నెల రోజులు సరిగ్గా వాడినా ఒక గ్రాము కూడా పెరగలేదంటే డోస్ పెంచడం కాదు, లీక్ ఉందా, అసలు ఐరనే పట్టట్లేదా, రోగమే వేరా అని మళ్ళీ మొదట్నుంచి చూడాలి.

ఇంట్లో ఆడపిల్లల విషయం ఒకటి. పీరియడ్స్ ఏడు రోజులు దాటడం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోవడం, పెద్ద గడ్డలు పడటం, ఇవి అందరికీ ఉండేవే అని తల్లులే కొట్టిపారేస్తారు, ఎందుకంటే వాళ్ళకీ అలాగే అయ్యేది. వాళ్ళకీ అలాగే అయ్యేది అంటేనే అనుమానించాలి! వాన్ విల్లెబ్రాండ్ అని రక్తం సరిగ్గా గడ్డకట్టని ఒక జబ్బుంది, వంశంలో వచ్చేది, 1926లో ఫిన్లాండ్ డాక్టర్ ఒకాయన మొదట రాశాడు, ఆయన పేరే దానికి. ముక్కు నుంచి రక్తం, పన్ను పీకితే ఆగకపోవడం, కొట్టుకోకుండానే కమిలిన మచ్చలు, నెలసరి ఎక్కువవడం. తమాషా ఏంటంటే ప్లేట్‌లెట్లు, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ టెస్ట్‌లు అన్నీ నార్మల్ రావచ్చు, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ టెస్ట్ ప్రత్యేకంగా అడిగితేనే దొరుకుతుంది. ట్రనెక్సమిక్ యాసిడ్ మాత్రలతోనే చాలామందికి అదుపులోకి వస్తుంది, ఏళ్ల తరబడి ఐరన్ మింగే పని తప్పుతుంది.

ప్లేట్‌లెట్ల గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఒకాయన జ్వరంతో వచ్చాడు, మెషీన్‌లో 38 వేలు చూపించింది, ఇంటిల్లిపాదీ దాతల కోసం ఫోన్ల మీద ఫోన్లు. నేను ఒక చుక్క తీసి గాజు పలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో సన్నగా లాగి, ఆరాక లీష్మన్ స్టెయిన్ పోసి కడిగి, ఆయిల్ వేసి లెన్స్ కింద పెట్టాను. అలా లాగిన రక్తపు పొరనే స్మియర్ అంటాం, దాని తోక దగ్గర చూస్తే ప్లేట్‌లెట్లు ఊదారంగు ఇసక రేణువుల్లా గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి, ఒక్కో గుంపులో ఇరవై ముప్పై. ఊదా మూత ట్యూబులో ఉండే ఈడీటీఏ అనే మందు పడక కొందరి ప్లేట్‌లెట్లు ఇలా అతుక్కుంటాయి, మనిషి ఒంట్లో కాదు, ట్యూబులో. మెషీన్ సన్నటి రంధ్రంలోంచి కణాల్ని ఒక్కోటిగా పంపి కరెంట్‌లో వచ్చే తేడాని బట్టి లెక్కపెడుతుంది, 1953లో వాలెస్ కౌల్టర్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతి, దానికి సైజు తెలుసు కానీ గుంపు తెలీదు పాపం, ముప్పై ప్లేట్‌లెట్ల ముద్ద వెళ్తే అది ప్లేట్‌లెట్ కాదని వదిలేస్తుంది. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీసి చేస్తే 1.9 లక్షలు. ఎవరికీ ఏమీ ఎక్కించాల్సిన పనే లేదు.

నిజంగా తగ్గినా కూడా, రక్తస్రావం లేకుండా నిలకడగా ఉన్నవాళ్ళకి పది వేల పైన ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా ఉండదంటారు డాక్టర్లు, అంకె కోసం కాదు మనిషి కోసం ఎక్కించాలి. ఐటీపీ అని ఒంట్లో రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్లని తినేసే జబ్బులో పెద్దవాళ్ళకి 30 వేల పైన ఉండి రక్తం కారకపోతే చాలాసార్లు మందు లేకుండా కనిపెట్టుకుని ఉంటారు, కావాల్సినప్పుడు స్టెరాయిడ్స్. రక్తం ఎక్కించడం కూడా అంతే, ఒక బ్యాగ్‌కి సుమారు ఒక గ్రాము పెరుగుతుంది, నిలకడగా ఉన్న మనిషికి 7 గ్రాముల దాకా ఆగొచ్చు, గుండె జబ్బు ఉంటే 8. "ఒక బ్యాగ్ ఎక్కించండి సార్, బలం వస్తుంది" అని బంధువులే పట్టుబడుతుంటారు, రక్తం టానిక్ కాదండీ.

క్యాన్సర్ భయం గురించి ఒక్క ముక్క. తెల్లకణాలు 14 వేలు ఉంటే గూగుల్ చూసుకుని ఏడ్చేవాళ్ళున్నారు, అది మామూలు ఇన్ఫెక్షన్‌లో కూడా వస్తుంది. తెల్లకణాలు బాగా పెరిగి లేదా బాగా పడిపోయి, దాంతోపాటు హెచ్‌బీ, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతే, స్మియర్‌లో బ్లాస్ట్‌లు (ఇంకా ముదరని పచ్చి కణాలు) కనిపిస్తే అప్పుడు అదే రోజు హెమటాలజిస్ట్ (రక్త జబ్బుల డాక్టర్) దగ్గరికి పంపాలి. బ్లడ్ క్యాన్సర్లలో కూడా సీఎంఎల్ అనే రకానికి 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చాక రోజుకో మాత్రతో ఏళ్లకేళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు నాకు తెలుసు.

నా మనవి ఒక్కటే. వచ్చే వారం అదే పేజీలో ఒక నమూనా సీబీపీ రిపోర్ట్ బొమ్మ వేసి, హెచ్‌బీ పక్కన ఎంసీవీ, ఎర్రకణాల సంఖ్య, ఆర్‌డీడబ్ల్యూ (ఎర్రకణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే అంకె) ఎక్కడుంటాయో గుండ్రంగా చుట్టి చూపించండి. అందరూ డాక్టర్లు అయిపోవాలని కాదు, "నా ఎంసీవీ ఇంత ఉంది, ఐరన్ ఎందుకు తగ్గింది సార్?" అని ఒక్క ప్రశ్న అడగగలిగితే చాలు. స్మియర్ చూశాక పాథాలజిస్ట్ రాసే రెండు లైన్లు రిపోర్ట్ చివర్లో ఉంటాయి, అవి కూడా చదివించుకోమని రాయండి, అంకెలకంటే ఆ రెండు లైన్లకే మా కళ్ళు ఎక్కువ అరుగుతాయి.

ఇట్లు,
మీ పాత పాఠకుల్లో ఒకరు, ల్యాబ్ టెక్నీషియన్

తా.క.: సెలైన్ ఎక్కుతున్న చేతికి రక్తం తీయనివ్వకండి. నీళ్లు కలిసిన శాంపిల్‌లో పొద్దున 12 ఉన్న హెచ్‌బీ సాయంత్రానికి 7 అవుతుంది, లోపల ఎక్కడో రక్తం పోతోందని అందరూ పరుగులు పెడతారు. నేను ఇలాంటివి నెలకి ఒకటన్నా చూస్తాను, రెండో చేతికి తీసి మళ్ళీ చేస్తే పోయిన 5 గ్రాములూ తిరిగొచ్చేస్తాయి.